జేర్దే నోటి కొలత

అత్-బాషి,
3 సెప్టెంబరు 1960

మామయ్యా,

మీరు క్షేమమా? కాలు ఎలా ఉంది? ఆ బరువులు ఇంకా వేలాడదీసే ఉంచారా? అత్తయ్య నా పక్కనే కూర్చుని, "ముందు ఆరోగ్యం అడగవే, గుర్రం ఎక్కడికీ పోదు" అని మోచేత్తో పొడుస్తోంది. గుర్రం పోతుందనే కదా నా భయమంతా. అందుకే ఆరోగ్యం ఒక్క ముక్కలో అడిగేశాను, కోప్పడకండి.

నిన్న బ్రిగేడ్ నాయకుడు జపార్ అందర్నీ పోగుచేసి చెప్పాడు. అక్టోబరు పన్నెండున జిల్లా నుంచి మనుషులు వచ్చి మన సమష్టి క్షేత్రం గుర్రాలను చూస్తారట. మూడేళ్లు నిండి ఇంకా మనిషిని మోయని గుర్రం ఉంటే లారీ ఎక్కించి మాంసం ఫ్యాక్టరీకి తోలేస్తారట. చేతిలో కాగితం పట్టుకుని ఒక్కొక్కటే చదివాడు. మన ఎర్ర జేర్దే దగ్గరికొచ్చేసరికి ఆగి, నా మొహం చూసి మరీ చదివాడు: "జేర్దే. ఒముర్‌జాక్ మందలోది. జూలైలో మనిషిని పడేసి తొడ ఎముక విరగ్గొట్టింది."

మిమ్మల్ని పడేసిన మాట నిజమే. కానీ రాళ్ల మధ్య నుంచి పిట్ట లేచి బెదిరింది గానీ పొగరుతో చేసింది కాదు. నేను చూశాను, మీరూ చూశారు. ఆ మాట కాగితం మీద ఎవరు రాస్తారు?

ఇప్పుడు తలతాడుతో నా వెంట కుక్కపిల్లలా వస్తుంది. వీపు మీద గోనె వేస్తే ఊరుకుంటుంది. ఇక కళ్లెం పెట్టాలి. ఇంట్లో రెండే ఉన్నాయి. ఒకటి మీ పెద్ద గుర్రానిది. అది జేర్దే నోట్లో అటూ ఇటూ జారి పళ్లకు టకటకా కొట్టుకుంది, వెంటనే తీసేశాను. రెండోది మెలితిప్పిన ఇనుముది. జపార్ అదే పెట్టమంటాడు. "రెండ్రోజులు నెత్తురు కారితే మూడో రోజుకి గొర్రెపిల్లవుద్ది" అంటాడు. నాకు చేతులు రావడం లేదు.

ఏది పెట్టను? త్వరగా రాయండి. ఉత్తరం వచ్చేదాకా నాకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ ఉంటుంది.

మీ మేనకోడలు
సైరాకన్


ఫ్రూంజె, ఆసుపత్రి,
9 సెప్టెంబరు

సైరా తల్లీ,

మంద క్షేమమా, గడ్డి కోత అయిందా, మీ అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఉత్తరం అంటే ఇలా మొదలుపెట్టాలి. నీలాగా తలుపు తన్నుకుని లోపలికి రాకూడదు.

నా కాలు పైకప్పుకు కట్టి ఉంది. ఇంకా రెండు నెలలట. ఇక్కడ క్లావా అని వార్డు పనులు చేసే ముసలావిడ ఉంది. నా మంచం కింద నేల తుడుస్తూ నన్ను తిడుతుంది, నేను మన భాషలో తిడతాను, ఇద్దరికీ పొద్దు గడుస్తుంది.

ఆ మెలి కళ్లెం తీసుకెళ్లి జపార్‌కే ఇచ్చెయ్. వాడి నోట్లో పెట్టుకుంటాడేమో అడుగు. గుర్రం నోట్లో ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ చిగురు ఉంటుంది, నీ వేలు పెట్టి చూడు, ఎంత మెత్తగా ఉంటుందో. ఆ చిగురును ఒకసారి కోసేస్తే మానుతుంది, కానీ మొద్దుబారి మానుతుంది. తర్వాత బతికినంత కాలం నువ్వు లాగుతుంటావు, అది వినదు. సన్న ఇనుము కోస్తుంది. లావు ఇనుము ఒత్తుతుందంతే. మొదటి కళ్లెం నా బొటనవేలంత లావుండాలి, నున్నగా ఉండాలి, మధ్యలో ఒకటే కీలు, పక్కన పెద్ద రింగులు. అలాంటిది ఇంట్లో లేదు. చేయించాలి.

నువ్వు నాకు కొలత పంపు. నోట్లో ఒక దారం అడ్డంగా పెట్టి, పెదవి ఈ మూల నుంచి ఆ మూలకు రెండు ముడులు వెయ్యి. బజారు దగ్గర మంచి కమ్మరి ఉన్నాడట. అప్పటిదాకా ఉన్ని గుడ్డ ముక్కను ఉప్పునీళ్లలో ముంచి నమలడానికి ఇవ్వు. నోట్లో ఒక వస్తువు ఉంటే ప్రాణం పోదని దానికి తెలియాలి.

ఇంకో సంగతి. ఇక్కడ నవంబరులో నర్సుల కోర్సు మొదలవుతుంది. డాక్టరమ్మతో మాట్లాడాను. నీ అక్షరాలు చూపించాను, బాగున్నాయంది. మంచు కురిసేచోట గుర్రాల వెంట తిరిగి నా నడుం ఏమైందో చూశావు. మీ అమ్మ పోయేటప్పుడు నిన్ను నా చేతుల్లో పెట్టింది చలిలో కాపలా పెట్టడానికి కాదు. గుర్రం లొంగిందా సంతోషం. లొంగకపోతే మాత్రం ఏడుపు లేకుండా బస్సెక్కి ఇక్కడికి వచ్చెయ్యాలి. ఏమంటావు?

ఒముర్‌జాక్


అత్-బాషి,
14 సెప్టెంబరు

మామయ్యా,

మంద క్షేమం, గడ్డి కోత అయింది, అత్తయ్య మోకాళ్లు వాన వచ్చే ముందు చెబుతున్నాయి. సరిపోయిందా?

కొలత ఇందులో ఉంది. దీని కోసం మూడు రోజులు పట్టింది. మొదటి రోజు దారం నమిలి మింగేసింది. రెండో రోజు నా చూపుడు వేలు కరిచింది, తర్వాత తనే సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకుంది. ఈరోజు అత్తయ్య కొత్తగా వడికిన ఉన్నిదారం పెట్టి, నురగలో తడిసిపోతున్నా వదలకుండా బిగువుగా లాగి రెండు వైపులా ముడులు వేశాను. ఆరబెట్టే తీరిక లేదు, టపా బండివాడు వాకిట్లో నిలబడి "అమ్మా, నీ గుర్రం నోరు పెద్దదా, నీ నోరు పెద్దదా, నేను పోవాల" అని కేకలేస్తున్నాడు. తడిదాన్ని అలాగే మడిచి పెడుతున్నాను.

ఉప్పు గుడ్డ దానికి తెగ నచ్చింది. నేను రాగానే నా జేబులు వాసన చూస్తుంది. మొన్నటి నుంచి తలతాడుతోనే ఎక్కి దొడ్లో తిరుగుతున్నాను. మోకాలు ఒత్తితే తిరుగుతుంది, నేను ఊపిరి వదిలితే ఆగుతుంది. నిజంగా మామయ్యా, ఊపిరికే ఆగుతుంది. జపార్ కంచె మీద చెయ్యి వేసి చూసి, "తాడుతో మేకను కూడా తిప్పొచ్చు" అని పోయాడు.

కోర్సు సంగతి తర్వాత మాట్లాడదాం. మీరు వాడి వెంటపడండి, ఆ కమ్మరి వెంట.

సైరాకన్


ఫ్రూంజె,
20 సెప్టెంబరు

సైరా తల్లీ,

కళ్లెం తయారైంది. ఉన్ని తీసుకొచ్చే లారీ మీదే తిరిగి పంపుతున్నాను, ఈ ఉత్తరమూ దానితోనే వస్తుంది.

నీ దారం పట్టుకుని క్లావా కమ్మరి దగ్గరికి వెళ్లింది. ఆయన దారం చూసి, "ఇది గుర్రమా, గాడిదా?" అన్నాడట. ఆమె వచ్చి నాకు చెప్పింది. నాకు ఒళ్లు మండింది. "మా మేనకోడలు కొలిచింది, అక్షరం పొల్లుపోదు, అంతకు ఒక్క గింజ ఎక్కువ చేసినా తీసుకోనని చెప్పు" అని మళ్లీ పంపాను. దారానికి రెండు పక్కలా సగం వేలు మాత్రం కలపమన్నాను, మూలలు నొక్కకుండా. పని బాగా చేశాడు. దుప్పటి కింద పెట్టుకుని రెండు రోజులు వేళ్లతో తడిమాను. ఎక్కడా గరుకు లేదు.

పెట్టే ముందు గొర్రె కొవ్వు రాయి. మొదటి రెండు రోజులు పగ్గాలు కట్టకు. ఊరికే నోట్లో ఉండనివ్వు, మేత మేయనివ్వు. పెదవి మూలల్లో రెండు ముడతలు పడేంత ఎత్తులో ఉండాలి.

కోర్సుకు పేర్లు ఈ వారంతో ఆఖరన్నారు. నువ్వు కాదనలేదు గనక నీ పేరు ఇచ్చేశాను. కాగితం మీకు టపాలో వస్తుంది.

ఒముర్‌జాక్


అత్-బాషి,
27 సెప్టెంబరు

మామయ్యా,

కళ్లెమూ మీ ఉత్తరమూ లారీలో వచ్చాయి. కోర్సులో చోటు దొరికిందన్న కాగితం ఈరోజు టపాలో వచ్చింది.

మీరు చెప్పినట్టే చేశాను. కొవ్వు రాశాను, చేతిలో వెచ్చబెట్టాను, అది నన్ను నమ్మి నోరు తెరిచింది. రింగులు రెండూ పెదవుల్ని పట్టుకారులా నొక్కేశాయి. రెండో రోజుకు మూలలు తెగాయి. నాలుగు రోజులుగా తల దగ్గరికి నన్ను రానివ్వడం లేదు. జేబులో ఉప్పు గుడ్డ ఉన్నా సరే, నా చెయ్యి లేస్తే చాలు వెనక్కి పోతుంది. ఇంకా పదిహేను రోజులే ఉంది. నేను కాలు కాలిన పిల్లిలా దొడ్లో తిరుగుతున్నాను.

నలభై ఏళ్లు గుర్రాలకు కళ్లేలు ఎంచిన మనిషి మీరు. మన ఊళ్లో కొత్త గుర్రం కొన్నవాడు మొదట మన గుమ్మం దగ్గరికే వస్తాడు. చీకట్లో నోరు తడిమి కొలత చెప్పగలరు. అలాంటి మీరు జేర్దేకు ఇరుకు కళ్లెం పంపారంటే నేనేం అనుకోవాలి? గుర్రం లొంగకపోతే బస్సెక్కి రమ్మన్నది మీరే. నన్ను అడక్కుండా పేరు ఇచ్చింది మీరే. అది మీ తొడ విరగ్గొట్టింది, ఆ కోపం కూడా ఉండి ఉంటుంది.

దాని తల్లి ఈనిన రోజున నేను వేలు పెట్టి చూపిస్తే, "మేనకోడలు వేలు పెట్టినదాన్ని కాదనకూడదు, అది నీది" అన్నారు. మంద మనది కాకపోయినా ఆ మాట మీరే అన్నారు. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కునే మేనమామ ఎక్కడైనా ఉన్నాడా?

అత్తయ్య ఈ ఉత్తరం చదవలేదు. చదివితే పంపనివ్వదు.

సైరాకన్


ఫ్రూంజె,
3 అక్టోబరు

సైరాకన్,

నీ ఉత్తరం క్లావా తెచ్చింది. చదివాను. మళ్లీ చదివాను. నా సోదరి కూతురు నాకు రాసిన ఉత్తరమేనా అని చేతిరాత చూసుకున్నాను.

నేను గుర్రం మీద పగబడతానా? మంచం మీద కాలు వేలాడదీసుకుని, నోరులేని జంతువు నోరు తెగేలా కుట్ర పన్నుతానా? నీకు ఈ మాట ఎవరు నేర్పారు, జపారా?

కళ్లెం కొలతకు సరిగ్గా ఉంది. దారం నా దగ్గరే ఉంది, కమ్మరి తిరిగి పంపాడు. కళ్లెం మీద పెట్టి చూసే పంపాను. నొక్కిందంటే తప్పు ఇనుముది కాదు, నీ చేతిది. తలపట్టీ బిగించి మరీ ఎత్తుగా కట్టి ఉంటావు. రెండు రోజులు పగ్గాలు కట్టొద్దంటే కట్టి ఉంటావు. లాగి ఉంటావు. తొందర నీకు మొదటి నుంచీ ఉంది. ఆ మెలి కళ్లెం కూడా ఒకసారి పెట్టి చూశావేమో, నాకు చెప్పలేదేమో.

ఇంతకన్నా రాయను.

ఒముర్‌జాక్


ఫ్రూంజె,
4 అక్టోబరు

సైరా,

నిన్నటి ఉత్తరం అందితే పొయ్యిలో వెయ్యి. ఇది చదువు.

నిన్న ఆ ఉత్తరం పంపాక కోపం తగ్గలేదు. అన్నం ముట్టలేదు. నీ దారం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కోపం వస్తే ఏదో ఒకటి నమిలే అలవాటు నాకుంది, మీ అత్తయ్యను అడుగు, నా టోపీ అంచులన్నీ అలా పోయినవే. దారం నోట్లో పెట్టుకుని నమిలాను. ఈ పొద్దున తీసి చూస్తే ముడుల మధ్య దూరం పెరిగింది. బిగువుగా లాగితే ఇంకా పెరిగింది. వేళ్లు పెట్టి కొలిచాను. ఒక వేలూ, ఇంకా కొంచెమూ.

మీ అత్తయ్య కొత్తగా వడికిన ఉన్ని. తడిసినప్పుడు నువ్వు సాగదీసి ముడులేశావు. మడిచి కవరులో పెట్టావు. నా దగ్గరికి వచ్చేసరికి ఆరి ముడుచుకుపోయింది. పుట్టినప్పటి నుంచీ ఉన్నితో బతికినవాణ్ణి. తడిపి తొక్కితే ఉన్ని ఎంత ముడుచుకుంటుందో నాకు తెలియదా? నీ ఉత్తరంలో రాసే ఉంది, తడిదాన్ని పెడుతున్నానని. చదివాను, నవ్వుకున్నాను, ఆలోచించలేదు. కమ్మరి గాడిద అన్నప్పుడైనా ఆగలేదు, గొప్పకు పోయాను.

నీ చెయ్యి మంచిది. నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ కళ్లెం మళ్లీ పెట్టకు. పుండు మీద కొవ్వు రాయి, గాలి తగలనివ్వు. క్లావాను కమ్మరి దగ్గరికి పరిగెత్తించాను. ఈసారి తడిదారంతో. కానీ మీ వైపు లారీ పద్నాలుగున గానీ లేదంటున్నారు, గుర్రాల లెక్క పన్నెండున. నేను ఇక్కడ కట్టేసిన గుర్రాన్నే. ఏం చేస్తావో నువ్వే ఆలోచించు తల్లీ, నాకు తోచడం లేదు.

మీ మామయ్య


అత్-బాషి,
13 అక్టోబరు

మామయ్యా,

మీ రెండు ఉత్తరాలూ పదకొండున ఒకే సంచిలో వచ్చాయి. నా ఖర్మకు కోపంది ముందు చేతికొచ్చింది. అది చదివి గోడవైపు తిరిగి కూర్చున్నాను. రెండోది అత్తయ్య బలవంతంగా చదివించింది. చదివాక ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అత్తయ్య మాత్రం, "నా దారాన్ని అంటారేం, మొగుడూ మేనకోడలూ కలిసి? బుర్రలు ముడుచుకుపోతే దారమేం చేస్తుంది" అంది.

ఎంత మాట రాశాను మిమ్మల్ని. తడిదారం మడిచింది నేను, పాపం అంటగట్టింది మీకు. ఇంట్లో ఎదురుగా ఉంటే కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. క్షమించండి.

ఇప్పుడు నిన్నటి సంగతి. జేర్దే నోరు మానుతోంది కానీ ఇనుము వాసన వస్తే చెవులు వెనక్కి వేస్తుంది. నేను కళ్లెం జోలికే పోలేదు. తలతాడుతో, జీను లేకుండా, వాళ్ల ముందుకు తీసుకెళ్లాను. జిల్లా నుంచి ముగ్గురొచ్చారు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్న పశువుల డాక్టరు. జపార్ నా కన్నా ముందే అందుకున్నాడు: "అదిగోండి, సార్, చెప్పానా? కళ్లెం పట్టనిది. నోరు కూడా పుండు చేసుకుంది."

నేను ఎక్కాను. గొర్రెల మందలోంచి తోలాను, ఏరు దాటించాను, తిరిగొచ్చి వాళ్ల బల్ల ముందు ఊపిరి వదిలాను. ఆగింది. బల్ల మీద కాగితాలు గాలికి ఎగిరినా బెదరలేదు. మూడడుగులు వెనక్కి నడిపించాను. డాక్టరు లేచి వచ్చి దాని మెడ నిమిరాడు.

"గుర్రం బంగారం. కానీ అమ్మాయ్, ఈ గుర్రాలు చలికాలం కొండల మీది అక్-సాయ్ మందలకు. అక్కడి మగాళ్లు తాడు కట్టిన గుర్రం ఎక్కరు. ఎవరి పేరు మీద రాయను?"

"నా పేరు మీద రాయండి" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు మామయ్యా. లారీ అక్కడే నిలబడి ఉంది. అప్పటికే అందులో నాలుగు గుర్రాలున్నాయి.

జపార్ నవ్వాడు. "అక్-సాయ్ చలికి మీసాలున్నోళ్లే ఏడుస్తారు, నువ్వేం పోతావే?"

"వాళ్లకి మీసాలు గడ్డకడతాయని ఏడుపు. నాకా బాధ లేదు" అన్నాను. డాక్టరు కూడా నవ్వాడు, నవ్వుతూనే రాశాడు. సైరాకన్, జేర్దే, అక్-సాయ్, మే నెల వరకు.

ఎల్లుండి బయలుదేరాలి. అత్తయ్య నిన్నటి నుంచి మొహం ముడుచుకుని ఎండు పెరుగు ఉండలు మూటకడుతోంది. మేజోళ్లు మాత్రం నాలుగు జతలు పెట్టింది. కోర్సు కాగితం తిప్పి పంపుతున్నాను, డాక్టరమ్మకు మీరే చెప్పాలి. మీకు కోపం వస్తుందని తెలుసు. వచ్చినా మే నెలలో దిగొచ్చాక తిట్టండి, అప్పటికి మీరు లేచి నిలబడి తిట్టగలుగుతారు.

సైరాకన్


ఫ్రూంజె,
20 అక్టోబరు

సైరా తల్లీ,

ఈ ఉత్తరం గడ్డి లారీలో అక్-సాయ్ వస్తుంది. కొత్త కళ్లెం కూడా దానితోనే. పద్నాలుగున వెళ్లే లారీకి ఇవ్వబోయి ఆపించాను, నువ్వు ఎక్కడుంటావో తెలియక.

నన్ను క్షమించమని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. అందుకే ఇది రాయాలి, మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు.

కళ్లెం కావాలని ఇరుకు చేయించలేదు. దేవుడి సాక్షి. నీ ఉత్తరంలో నన్నన్న మాటలు చదివి మండిపడిన మాటా నిజమే. కానీ సైరా, ముందు చదివింది ఆ మాటలు కాదు. ముందు చదివింది కళ్లెం పట్టలేదన్న సంగతి, పదిహేను రోజులే ఉందన్న సంగతి. చదవగానే నాకు సంతోషం వేసింది. నోరు తెగిందని చదివాక కూడా వేసింది. గుర్రం పోతుంది, పిల్ల ఫ్రూంజె వస్తుంది, ఆదివారాలు తెల్ల గౌనుతో నా మంచం దగ్గర కూర్చుంటుంది, నా చేతిలో పెట్టిన పిల్ల చలిలో పడి నాలా విరగదు అనుకున్నాను. క్లావాను పిలిచి రెండో గిన్నె సూపు అడిగాను. అది తాగుతూ మిగతా ఉత్తరం చదివాను. నువ్వు నన్ను దేనికి అనుమానించావో అక్కడ రాసి ఉంది.

అందుకే అంత కోపం వచ్చింది తల్లీ. నువ్వు తప్పు అనలేదు. చెయ్యి చెయ్యలేదు గానీ మనసు చేసింది.

నలభై ఏళ్లు గుర్రం నోరు గురించి నేర్చుకున్నాను. నీ నోట్లో ఏది పడుతుందో, ఏది కోస్తుందో ఒక్కసారి కూడా కొలవలేదు. నిన్ను అడక్కుండా పేరిచ్చాను. డాక్టరమ్మకు చెప్పేశాను. ఆవిడ, "మే నెలలో మళ్లీ చేరికలుంటాయి" అంది. ఈసారి నేను నీ తరఫున జవాబు చెప్పలేదు.

అక్-సాయ్‌లో ఇనుము మంచు కన్నా చల్లగా ఉంటుంది. పొద్దున్నే అలాగే పెడితే నాలుక అంటుకుని తోలు ఊడివస్తుంది. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకో. పెట్టే ముందు నీ నాలుకతో నువ్వు తాకి చూడు, నువ్వు ఓర్చుకోగలిగినట్టుంటేనే దానికి పెట్టు. పుండు పూర్తిగా మానేదాకా కళ్లెం అసలు బయటికే తియ్యొద్దు. మానాక వాసన చూపించు, ఉప్పు రాసి నాకనివ్వు. అది తనంతట తను నోరు తెరిస్తే పెట్టు.

తెరవలేదనుకో, కళ్లెం మూటలో పడేసి తాడుతోనే తిరుగు. నేనేమీ అనుకోను. నీ గుర్రం, నీ ఇష్టం.

మీ మామయ్య
ఒముర్‌జాక్